స్క్రిప్టు చూసే మెడ

“ఏ వేదిక? ఏ రకం పట్టీ?” అని స్క్రిప్టు మళ్లీ తనను తానే అడిగి, మళ్లీ తప్పు జవాబే చెప్పుకుంది. కొత్త రకం పట్టీని నడిపే ప్రోగ్రాం, అంటే బిల్డు, తయారైంది. గున్నమ్మ మెడకున్న పాత శ్వాసపట్టీ దాన్ని ఎక్కించుకోలేదు. నెలనెలా బిల్డు ఎక్కకపోతే గడువు నాటి సాయంత్రానికి పట్టీ ఆగిపోతుంది. బయటి గాలి పీల్చి బతికినవాళ్లు లేరు. గున్నమ్మ గడువు ఈరోజే.

తీరం కాలనీ మొత్తానికి బిల్డు కట్టే ఉద్యోగి హైమావతి ఒక్కతే. స్క్రిప్టు చూడాల్సింది ఎదుటివాళ్ల పట్టీని. అది చూసేది మాత్రం కట్టేవాళ్ల మెడని. రాసిన మహానుభావుడికి అందరి మెడలూ ఒకటే అనిపించింది కాబోలు. ఆమెకూ పాత పట్టీ ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియలేదు. పోయిన వారం ఉద్యోగులందరికీ కొత్తవి తగిలించి పాతవి కరిగించేశారు. నిన్న బిల్డు ఎక్కక గున్నమ్మ పెనిమిటి పోయాడు.

స్క్రిప్టును ముట్టుకునే అధికారం హైమావతికి లేదు. పర్యవేక్షకుడు శేషశాయికి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, బిల్డు వస్తోందిగా, ఇంక లోపమేమిటంటాడు.

“పైకి రాశాను. జవాబొచ్చేదాకా ఆగాలమ్మా,” అంది హైమావతి. నిన్న గున్నమ్మ పెనిమిటితోనూ ఇదే మాట అంది. ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

గున్నమ్మ కోప్పడలేదు. “రేపు రమ్మంటే నానేటొస్తానమ్మా? మాపటికి నానుంటేనా?” అంది. వెనక బెంచీ మీద పాత పట్టీల వాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు.

హైమావతి లేచి తలుపు గడియ పెట్టింది. గున్నమ్మను ఊపిరి బిగబట్టమని, తనూ బిగబట్టి, రెండు పట్టీలూ విప్పింది. తనది గున్నమ్మ మెడకు పెట్టింది. దాంట్లో ఈ నెల బిల్డు పొద్దున్నే ఎక్కింది. గున్నమ్మది తన మెడకు బిగించుకుని స్క్రిప్టు నడిపింది.

ఏ వేదిక? పాతది. బిల్డు ఎక్కింది. ఆ తర్వాత బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎక్కించుకుని వెళ్లారు. గున్నమ్మ మాత్రం కదల్లేదు. మెడనున్న కొత్త పట్టీని చేత్తో పట్టుకుని, మొగుణ్ని తలుచుకుని ఏడుస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా శేషశాయి వచ్చాడు. ఆయన గడువూ ఈరోజే. కొత్త పట్టీ తళతళలాడుతున్న మెడ ముందుకు చాచాడు. బిల్డు ఎక్కలేదు. మరోసారి చూడమన్నాడు. అప్పుడూ ఎక్కలేదు. అప్పుడు హైమావతి మెడవంక చూశాడు.

“పైకి రాస్తాను సార్,” అంది హైమావతి. “జవాబొచ్చేదాకా ఆగాలి.”