హేమ్లి పెట్టిన దసరా బొట్టు

ఆరోగ్యం మాస్టారు కుర్చీ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి అరచెయ్యి నల్లగా కమిలిపోయింది. ఆయన ముట్టుకున్న కంప్యూటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు బల్ల మీద కూర్చుంది.

2006. దసరా వెళ్లిన వారం. ఉదయం తొమ్మిదిన్నర. భద్రాచలం శివారులో ఒక ట్రస్టు నడిపే కంప్యూటర్ సెంటర్.

ఎస్సై ధన్‌సింగ్ గదంతా చూశాడు. ఆరు కంప్యూటర్లు. మూలన ఆపరేటర్ హేమ్లి.

"మెయిన్ ఎవరు ఏసిండ్రు?"

"నేనే సార్. రోజూ నేనే ఏస్త."

"తర్వాత?"

"మాస్టారు కంప్యూటర్ మీద చెయ్యి పెట్టిండు. గంతే సార్... పడిపోయిండు."

గదికి వైరింగ్ చేసిన తుల్సీరాం పరుగున వచ్చాడు. స్విచ్‌బోర్డు దగ్గర ఎర్తింగ్ బాగానే ఉందని పరీక్ష చేసి చూపించాడు. ఇక అనుమానం కంప్యూటర్ వెనక ఉండే ఇనప డబ్బా మీదికి పోయింది. ఇంటి కరెంటును కంప్యూటర్‌కు కావలసినట్టు మార్చి ఇచ్చేది అదే. మెకానిక్‌లు ఎస్‌ఎంపీఎస్ అంటారు.

ధన్‌సింగ్ దాన్ని విప్పించాడు. ల్యాబుకు పంపితే రిపోర్టు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఖమ్మంలో కంప్యూటర్ షాపున్న శ్రీధర్‌కు ఇచ్చి రమ్మన్నాడు.

కానిస్టేబుల్ ఇన్నమ్మ సందేహపడింది. "సీల్ ఎయ్యకుండనే ఇస్తరా సార్?"

"హాస్టల్లో ఒక్క కంచంలో తిన్నోళ్లం ఇన్నమ్మా. వాడి మీద నాకు అనుమానమేంది?"

రెండో రోజు శ్రీధరే డబ్బాతో దిగాడు. సెంటర్‌లో అందరి ముందూ మూత తీశాడు.

"చేత్తో పట్టుకో ధన్నూ. బరువుందా? చవక సరుకైతే తేలిగ్గ వస్తది. వైర్లు చూడు, ఎంత లావున్నయో. ఎర్త్ వైరు బాడీకి గట్టిగ బిగించి ఉంది. మంచి సరుకు. తప్పు దీనిది కాదు."

"మరి ఎవరిది?"

శ్రీధర్ హేమ్లి వైపు తిరిగాడు. "తడిగుడ్డతో తుడుస్తవా అమ్మా?"

"అవ్ సార్. కని గట్టిగ పిండి తుడుస్త..."

"ఇంకేంది! నీళ్లు లోపలికి పోయినయ్. నిండు ప్రాణం తీసినయ్."

హేమ్లి చేతులు జోడించింది. "నన్ను జైల్ల ఏస్తరా సార్?"

ధన్‌సింగ్‌కు జాలేసింది. అయినా చట్టం చట్టమే కదా! అరెస్టు చేసే ముందు ఒక్క పని మిగిలింది.

"డబ్బాను దాని జాగలో పెట్టు శ్రీధర్. ఫొటో తియ్యాలె."

శ్రీధర్ చిటికెలో బిగించాడు. ఇన్నమ్మ కెమెరా ఎత్తింది. ధన్‌సింగ్ ఆమెను ఆపి వంగి చూశాడు.

కంప్యూటర్ వెనక రేకు మీద పసుపు, మధ్యలో కుంకుమ. సగమే ఉంది. మిగతా సగం ఉండాల్సిన డబ్బా అద్దంలా మెరుస్తోంది.

"ఇదేంది హేమ్లీ?"

"దసరా బొట్టు సార్. అందరూ ముంగట పెడ్తరు. కరెంటు ఎనక నుంచి వస్తది కద, అందుకే నేను ఎనక పెట్టిన. ఆరింటికీ పెట్టిన."

ధన్‌సింగ్ మిగతా అయిదింటినీ వెనక్కి తిప్పాడు. అన్నిటికీ నిండు బొట్లు. సగం రేకు మీద, సగం డబ్బా మీద.

"శ్రీధర్, సగం బొట్టు ఏది?"

"తుడుచుకుపోయి ఉంటది లేరా."

"సరే. ఆ పక్కదాన్ని విప్పు."

శ్రీధర్ కదల్లేదు. తుల్సీరాం దాన్నీ, శ్రీధర్ బిగించినదాన్నీ విప్పాడు. అదే కంపెనీ, అదే లేబుల్. ధన్‌సింగ్ రెండు చేతుల్లో రెంటినీ పట్టుకున్నాడు. శ్రీధర్ తెచ్చింది ఇటుకంత బరువు. రెండోది ఖాళీ డబ్బాలా తేలిపోతోంది. దాని మూత తీశారు. సన్నటి వైర్లు. ఎర్త్ వైరు దేనికీ అంటకుండా వేలాడుతోంది. లోపల కరెంటు లీకైతే కంప్యూటర్ బాడీ మొత్తానికి పాకుతుంది. ముట్టుకున్నవాడు బతకడు.

"నేను నీకిచ్చింది గిసొంటిది. నువ్వు తెచ్చింది వేరేది. ఈ సెంటర్‌కు సప్లై ఎవరిది శ్రీధర్?"

శ్రీధర్ వంగి డబ్బా మూత అందుకోబోయాడు.

"ఎవరిదిరా?"

"బావమరిది పేరు మీద... నేనే చేసిన."

"నేనిచ్చిన డబ్బా?"

"బ్రిడ్జి మీంచి గోదాట్లో పారేసిన."

మాస్టారు పోయాడు. ఈ పిల్ల జైలుకు పోయేది. సంకెళ్లు వేసేది తన చేతులే! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు.

"నన్ను అడ్డం పెట్టుకొని ఆ పిల్లను బలి ఇద్దామనుకున్నవారా?"

శ్రీధర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నాతోపాటు నువ్వూ మునుగుతవ్ ధన్నూ. సీల్ లేకుండ సాక్ష్యం నాకు ఇప్పించింది నువ్వే. బయటపడితే నీ ఒంటి మీద యూనిఫాం ఉంటదా? ఆ పిల్ల మీద రాసెయ్. ఇద్దరం బతుకుతం."

సర్వీసు, పెళ్లాం పిల్లలు, అన్నీ ధన్‌సింగ్ కళ్ల ముందు తిరిగాయి. అప్పుడు ఇన్నమ్మను పిలిచాడు.

"రిపోర్టు రాయి. సాక్ష్యాన్ని సీల్ ఎయ్యకుండ ముద్దాయి చేతికి పంపినోడు ఎస్సై ధన్‌సింగ్. మొదటి లైన్ అదే రాయి."

ఇన్నమ్మ కలం ఆగిపోయింది. "సార్..."

"రాయమ్మా. రెండో లైన్‌లో వీని పేరు రాయి." అతను హేమ్లి వైపు తిరిగాడు. "నువ్వు ఇంటికి పో బిడ్డా."