నాన్న నల్ల ప్యాంట్లు

కుట్టుమిషను చప్పుడుతోనే ఆ ఇంట్లో తెల్లవారేది. ముందుగది దర్జీ కొట్టు, వెనక రెండు గదులూ ఇల్లు. ఆ పొద్దున ఆయన కిటికీ పక్కన కూర్చుని కూతురి ప్రయాణపు సంచికి జిప్పు మారుస్తున్నాడు. ఎల్లుండి ఆ అమ్మాయి వేరే ఊళ్ళో పరిశోధనశాల ఉద్యోగానికి రైలెక్కాలి. భార్య టీ తెచ్చి పక్కన పెట్టింది.

"ఇదేమిటే, గ్లాసు అడుగు తడిసేలా పోశావు?"

"చాల్లెండి. షుగరు మనిషికి అది చాలు."

ఆయన ఆ గుక్కెడూ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. కొన్నాళ్ళుగా మంచినీళ్ళ చెంబు కూడా ఆయనకు అందనంత దూరం జరిగింది. ఉతకబోయే బట్టల్లో ఆయన ప్యాంట్ల తడి ఆవిడ చూసింది. ఆవిడ చూసిందని ఆయనకూ తెలుసు. ఆయన తనకోసం వరసగా నల్ల ప్యాంట్లే కుట్టుకున్నాడు, ఆవిడ నీళ్ళు తగ్గించింది. నోరు విప్పి మాత్రం ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

కూతురు తల దువ్వుకుంటూ వచ్చింది. "నాన్నా, ఎల్లుండి మనం ముగ్గురమే కదా, ఒక ఆటో చాలదూ?"

"నేను రాలేనమ్మా. స్కూలు యూనిఫారాలు ఇవ్వాలి. అమ్మ వస్తుందిగా."

దువ్వెన ఆగిపోయింది. ఆ ఇంట్లోంచి ఎవరు ఊరెళ్ళినా ప్లాట్‌ఫారం చివరిదాకా రైలు కిటికీ పట్టుకుని నడిచే మనిషి ఆయన. కుళాయి దగ్గర ఏడాదిపాటు పోట్లాడిన పైవాటా అతన్ని కూడా చెయ్యూపి మరీ సాగనంపాడు.

"నేను పోవడం నీకు ఇష్టం లేదు. ఆ మాటే చెప్పరాదూ?"

"ఇష్టం లేకపోతే ఈ జిప్పెందుకు కుడతానే, పిచ్చుకా?"

"పిచ్చుకా గిచ్చుకా అని ఏమార్చకు! సినిమాకి రమ్మంటే పని, నా స్నేహితురాలి ఇంటికి రమ్మంటే పని. లేచి, నా మొహం చూసి చెప్పు."

ఆయన లేవలేదు. తల ఇంకా వంచి, కుట్టడం అయిపోయిన జిప్పునే మళ్ళీ మళ్ళీ లాగుతున్నాడు. తల్లి చూపు కుర్చీ కిందికి పోయింది. అక్కడ నేల తడిగా ఉంది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే పోయినవాళ్ళే జీవితమంతా ఆవిడ కలల్లోకి వచ్చేవాళ్ళు. బిడ్డ కూడా ఇలా మనసు విరిగి రైలెక్కితే?

"ఆయన్ని లేవమనకే," అంది. "తెలియకుండానే తడిసిపోతోంది. స్టేషన్లో పదిమందిలో అలా అయితే ఎలాగని భయం. అంతేగానీ నీమీద కోపం కాదు."

కూతురు అక్కడే బట్టల కుప్ప మీద కూలబడింది. పై చదువులో ఏళ్ళ తరబడి ఆ పిల్ల చేసిన పని ఈ జబ్బు మీదే. షుగరు వచ్చిన ఎలుకల మూత్రసంచి కండని చిన్న ముక్కలుగా తీసి, వెచ్చని ద్రవంలో వేలాడదీసి, అది ఎలా బిగుస్తుందో చూడడం. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

నెమ్మదిగా అడిగింది. "నాన్నా, బాత్రూముకి వెళ్ళాలని అనిపిస్తుందా?"

"ఈమధ్య అనిపించడమే లేదమ్మా."

"వెళ్తే ధారగా వస్తుందా?"

"లేదు. ఆగి ఆగి."

"అయితే మూత్రసంచి ఖాళీ అవట్లేదు. నిండిపోయి పొర్లుతోంది."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నీళ్ళు తాగకపోతే రాదనుకున్నానే! ఆయన్ని ఎండబెట్టాను."

"నీకెలా తెలుస్తుందమ్మా? సంచి నిండితే నరాలు కబురు మోయాలి. ఆ కబురు అందగానే కండ కణాల్లో కాల్షియం ఒక్కసారి ఎగుస్తుంది. అప్పుడే కండ బిగుసుకుని బయటికి తోస్తుంది. చాలాకాలం షుగరు ఎక్కువుంటే కబురూ మందగిస్తుంది, కాల్షియం ఎగిసే తీరూ చెడుతుంది."

"కాల్షియమేనా! నా మోకాళ్ళ మాత్రలున్నాయిగా, రోజుకి రెండు వేసేస్తాను."

అంత బాధలోనూ ఆయనకు నవ్వు ఆగలేదు. "బాగుంది! కూతురు నన్ను ఎలుకల్లో కలిపింది. పెళ్ళాం తన మోకాళ్ళు నాకు పెడతానంటోంది."

కూతురు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "మాత్రలు మింగితే సరిపోయేది కాదమ్మా. ఇది కణం లోపల జరిగే వ్యవహారం. పదండి, డాక్టరు దగ్గరికి."

డాక్టరు ఆయన్ని బాత్రూముకి పంపి, వచ్చాక స్కాన్ చేసింది. సంచిలో ఇంకా చాలా నిలవుంది. "మునుపటిలా అవుతుందని మాటివ్వలేను," అంది. "కానీ కిడ్నీల దాకా పోకుండా చూసుకుందాం. షుగరు అదుపులో పెట్టండి, నీళ్ళు తాగండి. అనిపించినా అనిపించకపోయినా వేళకి వెళ్ళండి. అయిపోయిందనుకున్నాక కాస్త ఆగి, మళ్ళీ ప్రయత్నించండి. దీనికి లొంగకపోతే వేరే దారులున్నాయి. దాచుకోవడం మాత్రం వద్దు."

ప్రయాణం రోజున ఆయన పెట్టె అడుగునుంచి గంధం రంగు ప్యాంటు తీసి వేసుకున్నాడు. లోపల కూతురు కొనిచ్చిన ప్యాడ్ ఉంది. బయల్దేరేముందు ఒకసారి, స్టేషన్లో ఒకసారి బాత్రూముకి వెళ్ళొచ్చాడు. రైలు కదిలాక కిటికీ పట్టుకుని ప్లాట్‌ఫారం అంచుదాకా నడిచాడు. వెనకాల నిలబడిపోయిన ఆవిడకు ఆయన ఊపుతున్న చెయ్యే కనిపించింది.

ఇంటికి రాగానే ఆయన యూనిఫారాల ముందు కూర్చున్నాడు. ఆవిడ వంటగదిలో ఊరికే గిన్నెలు సర్దుతోంది. బిడ్డలేని ఇల్లు చెవుల్లో హోరెత్తుతోంది. అప్పుడు వినిపించింది.

"నాన్నా, లే. కుట్టింది చాలు. వెళ్ళిరా."

తిరిగొచ్చేసిందేమోనని ఆవిడ గిన్నె వదిలేసి ముందుగదిలోకి పరుగెత్తింది. మిషను మీద ఫోను వెలుగుతోంది. వేళకి మోగేలా తన గొంతు అందులో పెట్టి వెళ్ళింది పిల్ల.

"వెళ్ళి రావచ్చులే, ఈ ఒక్క కుట్టూ వేసి," అని ఆయన గొణిగాడు. ఫోను ఊరుకోలేదు.

"నాన్నా, లే."

"లేస్తున్నానమ్మా, లేస్తున్నాను," అంటూ మిషను ఆపి లేచాడు.

ఆయన తిరిగొచ్చేసరికి కుర్చీ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, చెంబు నిండా నీళ్ళున్నాయి.