డాక్టరుగారి క్రియాపదం

“ఇక్కడేమైనా గొంతుల పోటీ జరుగుతోందా అండీ?”

తెల్లకోటు, గడ్డం కిందికి జారిన మాస్కు, చేతిలో పన్ను పీకే పటకారు. గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషిని చూసి క్లాసు క్లాసంతా నోరు మూసుకుంది.

“లాటిన్ క్లాసండీ,” అంది టీచరు. “క్రియాపదాలు వల్లె వేస్తున్నాం.”

“మీరు పైన అరిచినప్పుడల్లా కింద నా పేషెంటు కుర్చీలోంచి ఎగిరిపడుతున్నాడు. నేను పన్ను పట్టుకోవాలా, ఆయన్ని పట్టుకోవాలా?”

“మీ డ్రిల్లు గుయ్యిమన్నప్పుడల్లా మావాళ్లు భూతకాలం అడిగితే భవిష్యత్తు చెబుతున్నారు. నేనెవరితో చెప్పుకోను?”

వెనక బెంచీలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆ నవ్వు టీచరు బామ్మది. ఈ మేడ ఆవిడదే, ఈ క్లాసూ ఆవిడ మొదలుపెట్టిందే. గొంతు అలిసిపోయాక చాక్‌పీసు మనవరాలికి అప్పగించి, తప్పులు పట్టే పని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

“కింద కొత్తగా అద్దెకి దిగిన పళ్ల డాక్టరువి నువ్వేనా నాయనా? ఆ పేషెంటుని పంపేసి వచ్చి కాసేపు కూర్చో. కోపం దానంతటదే దిగుతుంది,” అంది.

వచ్చి కూర్చున్నాడు. కోపం ఆ పూటే దిగిపోయింది గానీ, రావడం మాత్రం ఆగలేదు. సాయంత్రం ఆఖరి పేషెంటు అటు వెళ్లగానే ఇటు పుస్తకం పట్టుకుని పైకి తయారు.

చదువు మాత్రం అంతంతమాత్రం.

“డాక్టర్ గారూ, ఇందులో కర్త ఎవరు?”

“మీరే కదండీ?”

“నేనడిగింది వాక్యంలో. అక్కడ రైతు ఉన్నాడు.”

“సారీ అండీ. నేను పుస్తకం వైపు చూడట్లేదు.”

క్లాసు గొల్లుమంది. టీచరు బోర్డు వైపు తిరిగి, చెరపాల్సిందేమీ లేకపోయినా కాసేపు చెరుపుతూ నిలబడింది. నవ్వు దాచుకోవడానికి ఆమెకి ఆ గదిలో ఇంకో చోటు లేదు.

అతనంటే ఆమెకి ఇష్టం. ఆ సంగతి తెలిసిన రోజు నుంచే భయం కూడా పట్టుకుంది. ఇదివరకు వచ్చిన సంబంధాలన్నీ ఒకే మాట దగ్గర చెడిపోయాయి. వచ్చినవాళ్లంతా మంచివాళ్లే. కాకపోతే అందరూ చివర్లో, “పెళ్లయ్యాక మా ఇంటికొచ్చేస్తారుగా, ఇంక ఈ క్లాసులెందుకు?” అన్నవాళ్లే. ఈ గదినీ బామ్మనీ వదిలి వెళ్లడం ఆమె వల్ల అయ్యే పని కాదు. డాక్టరు ఇల్లేమో ఊరికి ఆ చివర. అమ్మ, అన్నలు, వదినలు, ఇంటినిండా జనం. అతను కూడా ఆ మాటే అంటే వద్దనక తప్పదు. అందుకే అతను అడిగితే బాగుండుననీ, అడక్కపోతే బాగుండుననీ ఒకేసారి అనుకునేది.

అడిగే రోజు రానే వచ్చింది. బయట వాన దంచికొడుతోంది, క్లాసుకి ఎవరూ రాలేదు. బామ్మ బెంచీలో కళ్లు మూసుకుని ఉంది. అది నిద్రో నటనో దేవుడికే తెలియాలి. డాక్టరు బయటి మెట్ల మీదుగా తడుస్తూ వచ్చి, నేరుగా చాక్‌పీసు అందుకుని బోర్డు మీద రాశాడు.

‘టిబి నూబెరె వోలో.’

టీచరు చదివింది. మళ్లీ చదివింది. ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వేసింది.

అతని మొహం మాడిపోయింది. “ఇష్టం లేకపోతే లేదనండి. మరీ అంత నవ్వక్కర్లేదు.”

“అయ్యో, అది కాదండీ! ఏమనుకుని రాశారిది?”

“మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉందని. నూబెరె అంటే పెళ్లాడడం అనే ఉంది డిక్షనరీలో.”

“ముందు, ‘టిబి’ అంటే ‘నీకు’. నేనెప్పట్నుంచి మీకు ‘నువ్వు’ అయ్యాను?”

“లాటిన్‌లో ‘గారు’ ఎంత వెతికినా దొరకలేదండీ.”

“సరే, ఒప్పుకున్నాం. ఇక నూబెరె. అది పెళ్లికూతురి మాట. వరుడి కోసం ముసుగు వేసుకోవడం. మీరు రాసినదానికి అర్థం, నీకు పెళ్లికూతుర్నై వస్తానని!”

డాక్టరు చెవుల దాకా ఎర్రబడ్డాడు. “మరి మగాళ్లు ఏమనాలి?”

టీచరు నవ్వు అక్కడితో ఆగిపోయింది.

“డూకెరె అనాలి. అంటే తోడుకుపోవడం. సైన్యాన్ని నడిపించినా అదే మాట, పెళ్లి చేసుకుని అమ్మాయిని తన ఇంటికి తీసుకుపోయినా అదే మాట. మీ వాక్యం దిద్దాలంటే అదే రాయాలి.” ఆమె డస్టర్ అతని వైపు జరిపింది. “కానీ అది రాస్తే నేను ఒప్పుకోలేను డాక్టర్ గారూ. మీరంటే ఇష్టమే నాకు. చాలా ఇష్టం. కానీ ఈ ఇంట్లోంచి నన్నెవరూ తోడుకుపోలేరు.”

అనేసింది. అతను డస్టర్ తీసుకుని బోర్డు దాకా వెళ్లి, తుడవకుండానే దాన్ని కింద పెట్టేశాడు.

“అయితే దీన్ని దిద్దకండి.”

“అదేంటి?”

“తెలియక రాసినా కరెక్టుగానే రాశానండీ. మీరు రాలేకపోతే నేనే వస్తాను. కింద క్లినిక్, పైన కాపురం.”

“ఇల్లరికమా? మీ అమ్మగారు ఊరుకుంటారా?”

“ఇల్లు ఇరుకైపోయిందని రోజూ గొణిగేది ఆవిడే. నాలుగు రోజులు అలుగుతుంది, అయిదో రోజు తనే వచ్చి ఇక్కడ కూర్చుంటుంది.”

“నలుగురూ నవ్వుతారేమో?”

“నవ్వనీండి. పళ్లు కనబడతాయి, నాకు బేరాలు పెరుగుతాయి.”

“వ్యాకరణం తప్పే,” అంది బామ్మ, కళ్లు తెరవకుండానే. “అర్థం మాత్రం బంగారం. ఏమే, పిల్లాణ్ణి ఎంతసేపు నిలబెడతావు? జవాబు చెప్పు.”

టీచరు చాక్‌పీసు అందుకుంది. అతని వాక్యం కిందే గుండ్రంగా రాసింది.

‘టే డూకో.’

డాక్టరు కూడబలుక్కుని చదివాడు. “నిన్ను తోడుకుపోతున్నాను... ఇది మగాళ్ల మాట కదండీ?”

“మా ఆడవాళ్ల మాట మీరు పట్టుకుపోయారు. ఇంక నాకు మిగిలింది ఇదేగా?”

ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాడు. క్లాసు గదికీ ఇంటికీ మధ్య తలుపును ఆమె భుజంతో తోసి తెరిచింది.

“ఎక్కడికండీ?” అన్నాడు.

“లోపలికి. నీ ఇల్లు నువ్వింకా చూడనేలేదు.”

ఆ ‘నువ్వు’ విన్నాక డాక్టరుకి లాటిన్ ఒక్క ముక్క కూడా గుర్తు లేదు.