హాల్డెన్ మార్క్ టూ

మద్రాసులో చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ క్లుప్తమే.

"హాల్డెన్. గిటార్ ఆంప్లిఫయర్. లండన్‌లో ఒక ముసలాయన చేత్తో చేస్తాడు. రెండు వెర్షన్లు. మార్క్ టూలో శత్రువులు ట్రాన్స్‌మిటర్ దాచారు. శనివారం మన సైనికుల ఓడ మైపాడు తీరం ముందునుంచి పోతుంది. సిగ్నల్ వెళ్ళిందా, సబ్‌మెరీన్ దాన్ని ముంచేస్తుంది."

"మార్క్ వన్‌లో?"

"జెలిగ్నైట్. స్విచ్ వేస్తే పేలుతుంది. మనలాంటి వాళ్ళకోసం."

ఏజెంట్ యెహోషువ రేడియో మెకానిక్ వేషంలో దిగాడు. శనివారం మధ్యాహ్నానికల్లా మైపాడు ఉప్పు గోడౌనులో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. మిషన్ అంత గొప్పగా సాగింది మరి!

పట్టించింది జయశీల. రికార్డింగ్ సింగర్, చలువ కళ్ళద్దాలు, నైలాన్ చీర. మన ఏజెంటేనని చీఫ్ చెప్పిన మనిషి. నమ్మినందుకు అతనికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ముఠా నాయకుడు క్రోల్ రికార్డుల కంపెనీ మేనేజరుగా ఇక్కడ మకాం పెట్టిన విదేశీయుడు. పిస్టల్‌తో రెండు నల్లపెట్టెలూ చూపించాడు. రెండూ ప్లగ్గుకు తగిలించే ఉన్నాయి.

"ప్యాక్ చేసినవాడు నేమ్‌ప్లేట్లు మార్చాడో లేదో చెప్పకుండానే చచ్చాడు. ఏది మార్క్ టూ? తప్పు చెబితే నువ్వూ పోతావు."

ఒప్పు చెబితే ఓడ పోతుంది. తప్పు చెప్పి చావడానికి యెహోషువ సిద్ధమే. కానీ గోడకవతల చర్చిలో ఆడవాళ్ళు పాటలు ప్రాక్టీసు చేస్తున్నారు. నిన్న అతనికి చేపల పులుసు పెట్టిన ఎలిశబెతమ్మ గొంతు అందరికంటే పైకి వినిపిస్తోంది. పెట్టె పేలితే వాళ్ళూ పోతారు. ఎటు చూసినా దారి లేదు.

"వెనక్కి తిప్పండి," అన్నాడు.

ఎడమదాని వెనక గాలి జాలీ జానెడు, కుడిదానిది బెత్తెడు. మార్క్ వన్‌లో కరెంటు మార్చే రెక్టిఫయర్ పెద్ద వాల్వు. అది నిప్పులా కాలుతుంది, వెడల్పు జాలీ కావాలి. మార్క్ టూలో ఆ పని డయోడ్లు చేస్తాయి. వాటికి అంత గాలి అక్కర్లేదు. నేమ్‌ప్లేటంటే మార్చొచ్చు, చెక్కలో కోసిన కంతను ఎవడు మారుస్తాడు?

"కుడివైపుది."

క్రోల్ వెనక్కి తగ్గి, జయశీల చేత స్విచ్ వేయించాడు. పేలలేదు. లోపలి చిన్న వాల్వులు ఎర్రగా వెలిగాయి. యెహోషువకు బతికినందుకు సంతోషం కూడా కలగలేదు.

ఓడ ఇంకా కనిపించలేదు. జయశీల సంచిలోంచి చిలకల ఎంబ్రాయిడరీ గుడ్డ తీసి పెట్టెకు కప్పింది.

"ఏమిటది?" అన్నాడు క్రోల్.

"ఉప్పుగాలి సార్, పాడైపోదా? మా ఇంట్లో రేడియోక్కూడా కప్తాం."

క్రోల్ నవ్వాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చూసిందే. "మీరు రేడియోలకు కూడా పావడాలు తొడుగుతారు!"

యెహోషువ పెట్టె వెనక్కి చూశాడు. జాలీ మూసుకుపోయింది! వాల్వు మొండిది, వేడికి ఓర్చుకుంటుంది. ట్రాన్స్‌మిటర్‌లో ఉన్నవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు, వేడి తగిలితే చస్తాయి. ఈ పిచ్చిపిల్ల అలవాటుకొద్దీ కప్పింది. తియ్యకు తల్లీ, తియ్యకు!

సన్నగా కమురు వాసన వచ్చింది. జయశీల సెంటుబుడ్డి తీసి చీర మీద కుమ్మరించుకుంది. అప్పటిగ్గానీ అతనికి అర్థం కాలేదు.

"ఓడ!" క్రోల్ సిగ్నల్ కీ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. గుడ్డ లాగితే పొగ. తిరిగి చూస్తే జయశీల చేతిలో రివాల్వర్.

బయట కాచుకున్న పోలీసులు క్రోల్‌ను తీసుకుపోయారు. ఆమె కట్లు విప్పింది.

"నిన్ను పట్టియ్యకపోతే వాడు నన్ను ఈడికి రానిచ్చేవాడా అన్నా?"

"నాకు చెప్పుండొచ్చు గదా!"

"చెప్పుంటే నీ మొహం దాచిపెడతాదా?"

పొగ చూసి ఎలిశబెతమ్మ లోపలికి వచ్చేసింది. "ఏంది నాయనా ఈ పొగ? అది పోతే పోయింది గానీ, ఈ రెండోది బాగుండాదే! మా పాటలకి ఇచ్చిపోకూడదా? పలకతాదో లేదో చూస్తా ఉండు."

పిస్టల్‌కు బెదరని యెహోషువ కుర్చీలోంచి ఎగిరి దూకాడు.

"పెట్టె మీకేనమ్మా. ముందు ఆ స్విచ్ మీదనుంచి చెయ్యి తియ్యండి!"