కల్లం మీద తాలు గీత

“ఈ బొమ్మ గీసినవాళ్లు దొంగలు సార్! దీని మీద సంతకం పెట్టినవాళ్లు ఆ దొంగలకి నిచ్చెన పట్టినవాళ్లు! ఎవరు గీశారో, ఎవరు పెట్టారో నాకు ఇప్పుడే పేర్లు కావాలి!”

యలమంద అరుపుకి టేబుల్ మీద టీ గ్లాసులు గలగలలాడాయి.

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ. కిందంతా మిర్చి టిక్కీలు, గోనె బస్తాలు. పై అంతస్తులో బోర్డు లేని ఆఫీసు: సెక్షన్ నైన్. విదేశీ గూఢచారుల మీద కన్నేయడం దాని పని. ఏజెంట్ యలమంద ఆర్నెల్లుగా ఆ సెక్షన్ తరఫున తూములవారిపాలెంలో మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేసే మెకానిక్ వేషంలో తిరుగుతున్నాడు. మిషన్ పేరు ‘రెడ్ లైన్’. ఆ ఊళ్లో మిరప చేలు ఉన్నట్టుండి ఎండిపోతున్నాయి. విత్తనాలూ స్ప్రే డ్రోన్లూ అమ్మే నార్డ్‌విక్ అనే విదేశీ కంపెనీ మనుషుల హస్తం ఉందని అనుమానం. రెండొందల చేలు. ఒక్కో చేను గురించి మూడు సంగతులు రాసి పంపాడు: ఏ విత్తనం వేశారు, చేను బతికిందా పోయిందా, పురుగుమందు పంపుతో కొట్టారా డ్రోన్‌తోనా.

ఇప్పుడు తెర మీద ఉన్నది ‘పై చార్ట్’. గుండ్రటి బొమ్మ. అందులో ఎనభై శాతం ఎర్ర రంగు. దాని కింద ఒకే వాక్యం: ‘ఎండిపోయిన చేలలో ఎనభై శాతం రైతుల సొసైటీ విత్తనం వేసినవే.’

“క్లియర్‌గా ఉంది కదా యలమందా,” అన్నాడు చీఫ్ మాలకొండయ్య. “జబ్బు సొసైటీ విత్తనంలో ఉంది. పన్నెండింటికి వాళ్ల గోడౌన్‌లో ఉన్న విత్తనమంతా తగలబెడతారు. అమరావతిలో ప్రభుత్వ విత్తన కమిటీ డ్రోన్ కెమెరాలో లైవ్ చూస్తుంది. వచ్చే పంటకి నార్డ్‌విక్ విత్తనం ఇస్తారు.”

“ఆ ఊళ్లో నూటికి ఎనభై చేలు వేసేదే సొసైటీ విత్తనం సార్! చచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది అన్నం తినేవాళ్లే. అన్నం విషం అంటారా? పోయిన చేలలో ఈ విత్తనం ఎంత అని కాదు అడగాల్సింది. ఈ విత్తనం వేసిన చేలలో ఎన్ని పోయాయి, వేరే విత్తనం వేసిన చేలలో ఎన్ని పోయాయి? ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టాలి. అసలు నేను పంపిన మూడో కాలమ్ ఏది? మందు దేంతో కొట్టారన్నది?”

మాలకొండయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మిషన్ అయిపోయింది. ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్లు.”

మెట్ల దగ్గర శ్రీరమ్య ఎదురొచ్చింది. సెక్షన్ డేటా అనలిస్టు. మంగళగిరి చీర, నల్ల కళ్లద్దాలు, ఆమె కంటే ముందు మలుపు తిరిగే సెంటు వాసన. ఆర్నెల్లుగా యలమంద పంపిన ప్రతి సమాచారమూ ఆమె చెవిలోకే వెళ్లింది. ఊళ్లో జ్వరం వచ్చి పడుకున్న రోజు ఇయర్‌పీస్‌లో ‘మందు వేసుకున్నావా’ అని అడిగిన ఒకే ఒక్క మనిషి ఆమె.

“రమ్యా, ఎవరో నీ డేటా మార్చారు.”

“ఎవరూ మార్చలేదు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. తిప్పి చూపించానంతే.” ఆమె నవ్వింది. చేతిలో చిన్న పిస్తోలు ఉంది. “నార్డ్‌విక్ నాకు జీతం ఇవ్వబట్టి మూడేళ్లయింది.”

యలమందకి నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

“మరి మూడో కాలమ్?”

“అది నేను కొయ్యలేదు. మీ మాలకొండయ్యగారే కోశారు. నార్డ్‌విక్ స్ప్రే డ్రోన్లకి సెక్యూరిటీ క్లియరెన్స్ ఇచ్చింది ఆయనే కదా! ఆ కాలమ్ బయటికొస్తే ముందు ఊడేది ఆయన కుర్చీ. నేను డబ్బుకి అమ్ముడుపోయాను. ఆయన ఊరికే అమ్ముడుపోయాడు పాపం. పద, కోల్డ్ రూమ్‌లోకి.”

రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి. అయినా కాళ్లు మాత్రం పనిచేశాయి. మెట్ల కింద పేర్చిన టిక్కీని యలమంద ఒక్క తన్ను తన్నాడు. గోనె పిగిలింది. తేజ రకం మిర్చి. ఘాటు గుప్పున లేచింది. శ్రీరమ్య దగ్గుతూ కళ్లు మూసుకుంది. పిస్తోలు గోడకి పేలింది. మెడలో వేలాడే మెకానిక్ మాస్కు ముక్కు మీదికి లాక్కుని యలమంద బయటపడ్డాడు. మోపెడ్ ఎక్కి ఒంగోలు హైవే పట్టాడు.

తూములవారిపాలెంలో ఊరంతా సొసైటీ గోడౌన్ ముందు కల్లంలోనే ఉంది. ఎండబోసిన మిర్చి మధ్య నుంచి దారి చేసి ప్రభుత్వ సిబ్బంది కిరసనాయిలు డబ్బాలు మోస్తున్నారు. గుమ్మంలో సొసైటీ ప్రెసిడెంటు సామ్రాజ్యం అడ్డంగా కూర్చుంది. లోపల ఉన్నది ఇరవై ఏళ్లుగా ఏరి, దాచి, మళ్లీ వేసి నిలబెట్టుకున్న విత్తనం. ఇంకెక్కడా లేదు. అది కాలిపోతే ఊరు ఊరంతా నార్డ్‌విక్ ప్యాకెట్టు కోసం చెయ్యి చాచాల్సిందే.

“లెగవమ్మా సామ్రాజ్యం!” బాపయ్య అరుస్తున్నాడు. అతని రెండెకరాలూ మాడిపోయాయి. “నీ విత్తనం నా కొంప ముంచింది. కాలనియ్యి దాన్ని!”

పైన కమిటీ డ్రోన్ తుమ్మెదలా ఝుమ్మంటోంది. కల్లం పక్కనే నార్డ్‌విక్ వ్యాను, దాని మీద స్ప్రే డ్రోను, మందు ట్యాంకు.

యలమంద మోపెడ్ పడేసి పరిగెత్తాడు. “అక్కా! ఆగండి!”

“ఏందయ్యా, ఇప్పుడు తీరిందా నీకు పంపులు బాగుచెయ్యడానికి?” అంది సామ్రాజ్యం.

“నేను మెకానిక్‌ని కాదక్కా. గవర్నమెంటు మనిషిని. మీ చేల సంగతులు రాసి పైకి పంపింది నేనే. వాటిని తిప్పి చూపించి ఈ ఆర్డరు పుట్టించారు.”

సామ్రాజ్యం లేచి నిలబడింది. చెంప ఛెళ్లుమంది.

“నా ఇంట్లో పప్పన్నం తిని నా మీదే రాశావా?”

“రాశాను. ఇంకోటి కూడా కొట్టు, పడతాను. కానీ ముందు ఈ మంట ఆపాలి. నా ఫోను లాక్కున్నారు. నా మాట ఎవడూ వినడు. ఆ పైనున్న కెమెరాని మాత్రం అమరావతిలో చూస్తున్నారు. వాళ్లకి ఇక్కణ్ణుంచే చూపించాలి. ముగ్గుపిండి తెప్పించు.”

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి వెనక్కి తిరిగింది. “ఒసే, ఎవరింట్లో ముగ్గుందే? తెండి!”

యలమంద కల్లంలో మిర్చి ఎండబోసే పెద్ద పరదా పట్టా పరిపించాడు. దాని మీద ముగ్గుతో పది నిలువు చాళ్లు గీశాడు. ఎనిమిదింటి పైన ‘సొసైటీ విత్తు’ అనీ, రెండింటి పైన ‘బయట విత్తు’ అనీ ఆకాశానికి కనబడేంత అక్షరాలతో రాశాడు.

“చేనుకో కాయ! నీ చేను బతికితే ఎర్రకాయ పెట్టు, పోతే తెల్లబారిన తాలుకాయ పెట్టు. నీది ఏ విత్తనమైతే ఆ చాళ్లలోనే పెట్టు. తాలు కింద, ఎరుపు పైన. చాలుకి ఇరవై కాయలు, తాలుని చాళ్లకి సమంగా పంచండి.”

“కొంప మునుగుతుంటే ముగ్గులేందిరా!” అన్నాడు బాపయ్య.

“నీ చేను ఎందుకు పోయిందో నీకు తెలుసుకోవాలని లేదా బాపయ్యా? కాయ పెట్టు.”

బాపయ్య గొణుక్కుంటూ తాలుకాయ ఒకటి పెట్టాడు. అతని వెనక మిగతావాళ్లు వచ్చారు. సిబ్బంది గోడౌన్ తలుపు మీద కిరసనాయిలు చల్లుతూనే ఉన్నారు.

చాళ్లు నిండాయి. జనం చుట్టూ నిలబడి చూశారు. తాలు ఎక్కడ ఆగిందో, ఎరుపు ఎక్కడ మొదలైందో ఆ గీత ఈ చివర నుంచి ఆ చివరకి తాడు పట్టి కొట్టినట్టు ఒకే ఎత్తులో ఉంది. సొసైటీ చాళ్లలోనూ పావు వంతు తాలే, బయట విత్తు చాళ్లలోనూ పావు వంతు తాలే.

“ఇదేంది? రెండూ ఒకటేగా!” అన్నాడు బాపయ్య.

“ఒకటే. విత్తనానికీ చేను పోవడానికీ సంబంధం ఉంటే ఈ గీత ఎక్కడో ఒకచోట విరగాలి. విరగలేదు. ఇప్పుడు ఎవరి కాయ వాళ్లు తీసుకోండి. ఈసారి మందు దేంతో కొట్టారో దాన్నిబట్టి పెడదాం.”

పాత అక్షరాలు కాలితో చెరిపేశాడు. మూడు చాళ్ల మీద ‘డ్రోన్’, ఏడింటి మీద ‘పంపు’ అని రాశాడు. నార్డ్‌విక్ డ్రోన్ మొదటిసారి ఉచితమన్నారు. అరవై చేలవాళ్లు కొట్టించుకున్నారు. మిగతావాళ్లు వీపు మీద తైవాన్ పంపు మోసుకునే కొట్టుకున్నారు. పంపు చెడినప్పుడల్లా యలమంద దగ్గరికే తెచ్చారు కాబట్టి ఎవరు ఎవరో అతనికి ఇంటి పేర్లతో సహా తెలుసు.

రెండోసారి పరిచాక చూసి ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. డ్రోన్ చాళ్లు మూడూ పై దాకా తాలే, నెత్తిన కాస్త ఎరుపు. పంపు చాళ్లు ఏడూ నిండా ఎరుపు, అడుగున అక్కడక్కడా ఒక తాలుకాయ. గీత మెట్టులా విరిగి పడింది.

“ఒరేయ్...” బాపయ్య తన తాలుకాయ దగ్గర చతికిలపడ్డాడు. “ఉచితమని ముందు కొట్టించింది నేనే గదరా. అక్కని తిట్టానే!”

అప్పుడే కల్లం చివర కారు ఆగింది. మాలకొండయ్య దిగాడు. వెనకాలే కళ్లు వాచిపోయి శ్రీరమ్య.

“ఏం చూస్తున్నారు? ఆర్డరు ఆర్డరే! అంటించండి!”

సిబ్బందిలో ఒకడు అగ్గిపుల్ల గీశాడు. సామ్రాజ్యం తలుపుకి వీపు ఆన్చి నిలబడింది. “నాతో కలిపి అంటించు. రా.”

పుల్ల చివర మంట వేళ్ల దాకా పాకింది.

“ఆపండి!”

గొంతు ఆకాశం నుంచి వచ్చింది. కమిటీ డ్రోన్‌కి ఉన్న స్పీకరులోంచి అధ్యక్షురాలు నజీరా మాట్లాడుతోంది. “నేను నజీరాని, అమరావతి నుంచి. ఆ పుల్ల ఆర్పెయ్. ఆ రెండు బొమ్మలూ ఇక్కడ అందరం చూశాం. మాకు పంపిన రిపోర్టులో డ్రోన్ అన్న మాటే లేదు. ఎందుకు లేదు మాలకొండయ్యగారూ?”

పుల్ల ఆరింది. వాడు అమ్మయ్య అనుకుని చూపుడు వేలు నోట్లో పెట్టుకున్నాడు.

“మేడమ్,” యలమంద తలెత్తి అరిచాడు, “డ్రోనే చంపిందని ఈ కాయలు రుజువు చెయ్యవు. ఎక్కడ వెతకాలో చూపిస్తాయి. వెతకాల్సింది ఆ వ్యానులో ఉంది. ట్యాంకులో మందు ఇంకా మిగిలే ఉంది!”

శ్రీరమ్య వ్యాను వైపు పరిగెత్తింది. ఎక్కింది. స్టార్ట్ చేసింది. ముందు ట్రాక్టరు అడ్డమొచ్చింది, వెనక ఇంకోటి. బాపయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాక్కున్నాడు. “దిగమ్మా. మా ఊళ్లో ఉచితంగా వచ్చినదాన్ని ఊరికే పోనివ్వం.”

ఆమె దిగి యలమంద ముందు నిలబడింది. “జ్వరం వచ్చినప్పుడు అడిగింది మాత్రం నిజంగానే అడిగాను,” అంది.

ఆ మాట నిజమో కాదో తేల్చే బొమ్మ ఏ అనలిస్టూ గీయలేదు.

మాలకొండయ్య దగ్గరికొచ్చి భుజం తట్టాడు. “వెల్ డన్ యలమందా. మనం మనం లోపల మాట్లాడుకుందాం.”

యలమంద ఆ చెయ్యి తీసేశాడు. “పద్నాలుగేళ్లు మీరు చెప్పిన చోటికల్లా వెళ్లాను. ఇవాళ మీ కుర్చీ కాపాడుకోవడానికి ఒక ఊరి విత్తనాన్ని తగలబెట్టబోయారు. లోపల మాటలు అయిపోయాయి సార్. ఇక్కడే, వీళ్ల ముందే. మీరు ఇచ్చిన క్లియరెన్స్ మీ చేత్తోనే రద్దు చెయ్యండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నార్డ్‌విక్ డ్రోన్ ఒక్కటి కూడా ఇవాళ లేవకూడదు. ఆ ట్యాంకుకి వీళ్ల కళ్ల ముందు సీలు వేసి ల్యాబ్‌కి పంపండి. కోసేసిన మూడో కాలమ్ యథాతథంగా బయటపెట్టండి. ఇక మీదట ఎంతలో ఎంతో చెప్పకుండా ఒక్క శాతం కూడా రైతు మొహాన కొట్టకండి!”

మాలకొండయ్య జేబులు తడుముకున్నాడు.

సామ్రాజ్యం తలుపు దగ్గర్నుంచి కదలకుండానే అంది: “పెన్ను లేదనమాకండి సార్. పక్కనే బడి ఉంది, తెప్పిస్తాం. ఎండలోనే నిలబడి రాయండి.”