అందరికీ తమ్ముడు

ఖడ్గం నా చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఆ వెంటనే మా స్టాల్లో కీచైన్ల స్టాండు, స్టిక్కర్ల డబ్బా, అక్క తాగకుండా పక్కన పెట్టుకున్న కాఫీ, అన్నీ కలిసి నేలమీద పడ్డాయి.

అట్ట కత్తే లెండి. పట్టుకున్న అమ్మాయి మాత్రం నిజంగానే భయపెట్టేలా ఉంది. వెండి రంగు విగ్గు, నీలం లెన్సులు, భుజాలకు కవచం, వెనకాల నేలంతా ఊడ్చే పొడుగు వస్త్రం. ఆ యానిమే కన్వెన్షన్‌లో, అంటే జపాన్ కార్టూన్ల అభిమానుల జాతరలో, సగంమంది అలాగే ఉన్నారు. బయట వాన పట్టుకోవడంతో ఆవరణలో ఫొటోలు దిగుతున్న వాళ్లు కూడా హాల్లోకే వచ్చి పడ్డారు. కాలు తీస్తే మళ్లీ పెట్టుకోవడానికి చోటుండట్లేదు.

"అక్కా, ఇంత దూలాన్ని మోసుకుంటూ ఈ జనంలో తిరుగుతోందే, బుద్ధుందా ఈ తెల్లజుట్టు పిల్లకి?" అన్నాను. దేశం కాని దేశంలో తెలుగులో తిట్టుకుంటే ఎవరికి తెలుస్తుందని నా ధీమా.

ఆ పిల్ల వంగి కీచైన్లు ఏరుతూనే, "దూలం కాదు, ఖడ్గం. వెనకనుంచి ఎవరో తోశారు" అంది, చక్కటి తెలుగులో. తర్వాత తలెత్తి నా మెడలో బ్యాడ్జి చదివి, "సారీ తమ్ముడూ" అంది.

తప్పంతా మా అక్కది. అక్క కార్టూన్ల స్టూడియోలో బొమ్మలు గీస్తుంది. సెలవు పెట్టి మరీ ఈ పరాయి దేశంలో స్టాల్ తీసుకుంది. ఇన్సూరెన్స్ ఆఫీసులో బుద్ధిగా పని చేసుకుంటున్న నన్ను "ఫారిన్ ట్రిప్పురా" అని ఊరించి, పెట్టెలు మోయడానికి తెచ్చుకుంది. ఇప్పటిదాకా నేను చూసిన ఫారిన్ ఈ హాలు పైకప్పే.

బ్యాడ్జి మీద అందరూ పిలిచే పేరు వేస్తామని నిర్వాహకులు అంటే, ఈవిడ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "తమ్ముడు" అని రాసి పంపింది. తనకు నా పేరు అదే మరి! ఇక చూడండి, పక్క స్టాల్లో పోస్టర్లమ్మే తాత "గుడ్ మార్నింగ్, టమ్ముడు!" అంటాడు. సెక్యూరిటీ ఆవిడ "టమ్ముడు, దారి!" అంటుంది. వాళ్లు పిలిస్తే నాకొచ్చిన నష్టమేం లేదు.

ఆ అమ్మాయి పిలిస్తేనే కొంప మునిగింది. విరిగిన స్టాండు బాగుచేసి గానీ కదలనని కూర్చుంది. ఉక్క పోస్తోందని విగ్గు తీసేసింది. నుదుటికి అతుక్కున్న వెంట్రుకలు వెనక్కి తోసుకుంటూ నావైపు చూసి నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

"తమ్ముడూ, ఆ టేపు ఇలా ఇవ్వు."

"నేను మీకంటే పెద్దవాణ్ణే అనుకుంటా."

"బ్యాడ్జి అలా అనట్లేదే."

"నాకో పేరుందండీ." ఆ పేరేమిటో చెప్పాను.

"బాగుంది. కానీ నా నోటికి తమ్ముడే తిరుగుతోంది."

మాటల్లో తెలిసిందేమంటే, ఆవిడ ఫిజియోథెరపిస్టు. డ్యూటీ అయ్యాక కూర్చుని ఈ కవచమంతా తనే కుట్టుకుంది. ఉండేది మా ఊళ్లోనే! మా వీధి చివర బస్సెక్కితే వాళ్ల వీధి మొదట్లో దిగొచ్చు. ఆ ముక్క తెలుసుకోవడానికి ఇద్దరం విమానాలెక్కి ఇంతదూరం రావాల్సొచ్చింది.

ఆవిడ నీళ్ల సీసా నింపుకోవడానికి వెళ్లగానే అక్క నా డొక్కలో పొడిచింది.

"ఏరా, మొహం అలా వేలాడేశావేం?"

"ఏం లేదు."

"ఆ పిల్ల నన్ను అక్కా అంటోంది, నిన్ను తమ్ముడూ అంటోంది. వరస కుదిరిందిగా!"

"ఆ వరసే నా ప్రాణం తీస్తోంది."

అక్క కిసుక్కున నవ్వి, మళ్లీ బొమ్మ గీసుకోవడంలో పడింది. తోడబుట్టిన దానికి ఉండాల్సిన జాలి ఇదీ!

సాయంత్రం వేషాల పోటీ. ఆవిడ వచ్చి, "ఈ జనం నా వస్త్రాన్ని తొక్కి చింపేసేలా ఉన్నారు. స్టేజి మీది దాకా కొస పట్టుకుంటావా తమ్ముడూ? అది దిగగానే ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోతాను" అంది.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు? రేపు మా ఊరి బస్సులో ఎదురుపడినా "ఏం తమ్ముడూ, బాగున్నావా?" అనే అంటుంది. రేపు పెళ్లయి పిల్లలు పుడితే వాళ్లకు నన్ను మామయ్య అని చూపిస్తుంది. తలుచుకుంటేనే కళ్లు తిరిగాయి.

స్టేజి పక్క క్యూలో ధైర్యం చేశాను.

"మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు తమ్ముడూ."

"అదిగో, అదే. దయచేసి అలా పిలవకండి."

"ఎందుకట?"

"మీరు అలా పిలిచినప్పుడల్లా, చెప్పాలనుకున్నది గొంతులో ఆగిపోతోంది."

ఆవిడ ఏదో అనబోయింది. ఇంతలో మా నంబరు పిలిచారు.

స్టేజి మీద లైట్ల వెలుగుకి మొదట నాకేమీ కనిపించలేదు. కాసేపటికి కళ్లు అలవాటుపడితే, మొదటి వరుసలో అక్క. స్టాల్ పోస్టర్ల తాతకు అప్పజెప్పి వచ్చేసినట్టుంది. యాంకర్ ఆ అమ్మాయి చేత కత్తి తిప్పించి చప్పట్లు కొట్టించాడు. తర్వాత నా బ్యాడ్జి చూశాడు.

"టమ్ముడు! అంటే అర్థం ఏంటి?" ఇంగ్లీషులో అడిగి మైకు ఆవిడ ముందు పెట్టాడు.

"యంగర్ బ్రదర్" అంది.

హాలంతా ముచ్చటపడిపోయి "ఓ..." అంటూ దీర్ఘం తీసింది. అక్క కోసం వస్త్రం మోసే తమ్ముడు! ఎవరో కన్నీళ్లు కూడా తుడుచుకున్నారు. నేనైతే కొస వదిలేసి పారిపోదామనుకున్నాను.

ఆవిడ మైకు లాక్కుంది. "నో, నో! వాళ్ల అక్కకి తమ్ముడు. నాకు కాదు!"

"మరి మీకేమవుతాడు?"

ఆవిడ నావైపు తిరిగి, మైకులోనే, తెలుగులో అడిగింది. "ఏమవుతావో నువ్వే చెప్పు. నువ్వు ఉడుక్కుంటుంటే సరదాగా ఉందని పిలుస్తూ వచ్చాను. ఎప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తున్నాను."

అంత హాల్లో ఆ మాటలు అర్థమైంది మా ముగ్గురికే. ఇంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? మైకు అందుకున్నాను.

"నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఇంకేమైనా పిలువు, పడతాను. తమ్ముడూ అని మాత్రం అనకు."

ఏం విన్నారో, ఏం అర్థమైందో గానీ హాలు హాలంతా లేచి ఈలలు వేసింది. ఆవిడ సిగ్గుతో కత్తి అడ్డం పెట్టుకుంది.

కిందికి దిగాక నా ఫోను తీసుకుని తన నంబరు తనే కొట్టి ఇచ్చింది. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఏమ్మా, నీకింకా జవాబు చెప్పే ఉద్దేశం లేదా? మా వాడు అన్నం మానేస్తాడు తర్వాత."

ఆ పిల్ల నావైపు ఓరగా ఒక్క చూపు చూసింది. తన పెట్టె అందుకుని, తల వంచుకుని అంది.

"ఫ్లైటుకి టైమైంది. వెళ్లొస్తాను వదినా."

అక్కకు అది బుర్రకెక్కడానికి ఒక్క క్షణం పట్టింది. ఎక్కాక ఆ పిల్లను కవచంతో సహా గట్టిగా వాటేసుకుంది.