అత్తగారి మూడు పరుగులు

ఆ ఉదయం అత్తగారు పాలకని వెళ్ళి గంటన్నరకి తిరిగి వచ్చింది. పాలు మాత్రం తేలేదు.

కోడలు ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టుకుని అప్పటికే మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి చూసింది. పాల దుకాణం వీధి చివరే. ఎంత నింపాదిగా నడిచినా పది నిమిషాల పని.

"పాలేవి అత్తయ్యా?"

అత్తగారు తన రెండు చేతులవంకా చూసుకుంది. ముఖం కందిపోయి ఉంది. చెవుల వెనక జుట్టు చెమటకి అతుక్కుపోయింది. "అయ్యో, మరిచేపోయాను. దుకాణం కూడా తెరిచినట్టు లేదు."

"మరిచిపోయారా, తెరవలేదా?"

"రెండూను," అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కోడలు పొయ్యి మీంచి ఖాళీ గిన్నె దించేసింది. ఆమె పన్నెండేళ్ళుగా మందుల షాపులో పని చేస్తోంది. ఎవరేం దాచినా వాళ్ళు కొనే మందుల్ని బట్టి లోపలి సంగతి పసిగట్టడం అలవాటైపోయింది. అందుకే నెల రోజులుగా ఇంట్లో జరుగుతున్నవి ఆమె కంట్లో నలుసులా మెరమెరలాడుతున్నాయి. కుట్టుపెట్టెలో పిన్నీసులు మాయమవుతున్నాయి. కొత్తగా తెచ్చిన వాజలీన్ డబ్బా వారానికే అడుగంటింది. రాత్రి తొమ్మిదింటి దాకా టీవీ ముందు నుంచి కదలని మనిషి ఏడున్నరకే దీపం ఆర్పేస్తోంది. మొన్న చిల్లర కోసం అత్తగారి చేతిసంచి తెరిస్తే అందులో రెండు ఉడకబెట్టిన బంగాళాదుంపలు, చిన్న ప్లాస్టిక్ కవరులో ఉప్పు!

అన్నిటికంటే భయపెట్టినవి అంకెలు. అత్తగారి ఎడమ చేతి మీద పెన్నుతో రాసుకున్న అంకెలు. ఎనిమిది, మూడు, సున్నా. కోడలి కన్నతల్లి కూడా చివరి రోజుల్లో చేతి మీద ఇంటి నంబరు రాసుకునేది.

ఆ తల్లి మతిమరుపు కూరలో రెండుసార్లు ఉప్పు వేయడంతో మొదలైంది. అప్పుడు అందరితోపాటు కూతురూ నవ్వింది. అది జబ్బని తెలిసేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. ఇంకో ఏడాదికి ఆవిడ కూతురి ముఖం కూడా పోల్చుకోలేకపోయింది. మందులు అమ్మే మనిషినై ఉండి సొంత తల్లి రోగం కనిపెట్టలేకపోయానే అన్న బాధ కోడలిని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

లిఫ్టులు బాగుచేసే పనికి బయల్దేరుతున్న భర్తని వాకిట్లోనే ఆపింది.

"ఏమండీ, అత్తయ్య సంగతి మీరేమైనా గమనించారా?"

"గమనించా. కాఫీ ఇవ్వలేదు ఇవాళ."

"హాస్యాలాడకండి. పాలకి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. సంచిలో ఉడికిన దుంపలు పెట్టుకుని తిరుగుతున్నారు."

"ఆకలేసి ఉంటుంది."

"మా అమ్మ విషయంలోనూ నేను అలాగే సరిపెట్టుకున్నాను."

అతను సామాన్ల పెట్టె కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఇంక హాస్యమాడలేదు.

మరునాడు తెల్లవారకముందే తలుపు చప్పుడైంది. కోడలు శాలువా కప్పుకుని వెనకే వెళ్ళింది. అత్తగారు పాల దుకాణం వైపు తిరగనైనా తిరగలేదు. మలుపులో ఒక పాత కారు ఆగి ఉంది. డ్రైవరు సీట్లో నెరిసిన మీసాల మనిషి. అత్తగారు ఎంతో అలవాటున్నదానిలా తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. కారు వెళ్ళిపోయింది.

కోడలు చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. జబ్బనుకుంటే ఇదేమిటి? ఎవడో మాయమాటలు చెప్పి ఆవిడతో సంతకాలేమైనా పెట్టించుకుంటున్నాడా? మతి తప్పిన ముసలివాళ్ళ చుట్టూ అలాంటివాళ్ళు చేరతారని వింది.

ఆవిడ తిరిగొచ్చాక మామూలుగా అడిగినట్టే అడిగింది. "పొద్దున్నే ఎవరిదో కారెక్కారట?"

"కారా? నేనా?" అత్తగారు రొట్టె ముక్క తుంచుతూ తల కూడా ఎత్తలేదు. "నిద్రమత్తులో ఎవర్ని చూశావో!"

కళ్ళారా చూసింది కాబట్టి కోడలికి ఇక రెండే దారులు మిగిలాయి. అత్తగారు అబద్ధమన్నా ఆడుతూ ఉండాలి, లేదా నిజంగానే గుర్తు లేకపోయి ఉండాలి. ఆమె రెండోదే నమ్మింది. మొదటిదే నిజమైతే బాగుండునని ఆశపడింది.

బుధవారం నాడు కళ్ళ పరీక్షకని చెప్పి అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బయట బోర్డు చదివే వ్యవధి ఇవ్వకుండా చేయి పట్టుకుని గబగబా లోపలికి నడిపించింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. నవ్వుతూ మొదలుపెట్టింది.

"ఇవాళ ఏ వారమండీ?"

"అదేమిటి, మీకు తెలీదా?" అని అత్తగారు నివ్వెరపోయింది. "బుధవారం."

"వందలోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టండి చూద్దాం."

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో అంకెలతో కాపురం చేసిన మనిషి ఆవిడ. "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై ఐదు..." అని గడగడా చెప్పుకుపోతూ యాభై ఎనిమిది దగ్గర ఠక్కున ఆగింది. ఆగి కోడలివైపు తిరిగింది.

"కళ్ళ పరీక్షలో తీసివేతలెందుకమ్మాయ్?"

అత్తగారు లేచి నిలబడింది. "మీ తప్పేం లేదు డాక్టరుగారూ. మా ఇంట్లో మనిషిని అడిగి తెలుసుకునే అలవాటు పోయింది," అని చేతిసంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కోడలు ఫీజు కట్టి పరుగున కిందికి వచ్చేసరికి వీధిలో ఆవిడ జాడ లేదు. ఫోను మోగింది గానీ ఎత్తలేదు. భర్త పని మధ్యలో వదిలేసి కారు వేసుకొచ్చాడు. ఇద్దరూ బస్టాపులన్నీ చూశారు, పార్కు బెంచీలన్నీ చూశారు. చివరికి పోలీసులకి చెప్పేముందు ఫోటో తీసుకుందామని ఇంటికి వస్తే, అత్తగారు వాకిట మెట్టు మీద బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"ఆసుపత్రి నుంచి ఆరు కిలోమీటర్లు, యాభై ఎనిమిది నిమిషాలు," అంది ఆవిడ. "చెప్పులు అడ్డం వచ్చాయి గానీ, లేకపోతే ఇంకా ముందే వచ్చేదాన్ని."

"అమ్మా! మేం ఎంత హడలిపోయామో తెలుసా?" కొడుకు గొంతు లేచింది.

"అరవకు. లోపలికి రండి ఇద్దరూ."

ఆవిడ మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగింది. అందులో పరుగు బూట్లు ఉన్నాయి, ఎర్రటి రంగు, అడుగులు అరిగిపోయి. వాటి కింద మాయమైన పిన్నీసులు. ఆ కింద ఒక కాగితం. కొడుకు తీసుకుని పైకి చదివాడు. పొరుగూళ్ళో ఉన్న థీమ్ పార్కులో మూడు రోజుల పరుగుల పండగ. శుక్రవారం ఐదు కిలోమీటర్లు, శనివారం పది, ఆదివారం ఇరవై ఒకటి. పాల్గొనేవారి పేరు దగ్గర అమ్మ పేరు.

"ముప్పై ఆరు కిలోమీటర్లా! నీకేమైనా..." అని మాట మింగేశాడు.

"మతి పోయిందా అనేగా? అను. ఇందాకే ఉందని తేలింది." ఆవిడ ఇంకో కాగితం కోడలి ముందు పెట్టింది. "ఐదు నెలల కిందట గుండె పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టాను. నీకు చదవడం వచ్చుగా, చదువు."

కోడలు చదివింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. "మరి ఆ కారాయన?"

"స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మేం ఆరుగురం ముసలివాళ్ళం ఆయన దగ్గర నేర్చుకుంటున్నాం. ఎనిమిది, మూడు, సున్నా అంటే ఎనిమిది నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక, మధ్యలో కూర్చోవడం సున్నా. దుంపలు దారిలో ఓపికకి. వాజలీన్ కాళ్ళు ఒరుసుకోకుండా. ఇంకేమైనా అడగాలా?"

"ఐదు నెలలుగా మాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

అత్తగారు బూటు తాడు ముడి విప్పి మళ్ళీ వేసింది.

"రెండేళ్ళ కిందట స్నానాల గదిలో జారిపడ్డాను. చెయ్యి విరిగింది, అతికింది. మీరు మాత్రం నన్ను ఇంకా అతికించుకుంటూనే ఉన్నారు. డాబా మీదికి తాళం వేశారు. పీట తీసి దాచేశారు. నా సంచిలో, ఈవిడ కనిపిస్తే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని చీటీ పెట్టారు. రాత్రిళ్ళు తలుపు సందులోంచి చూస్తారు, ఊపిరి ఉందో లేదో అని. నాకు తెలీదనుకున్నారా? మీరిద్దరూ గుసగుసలాడుకున్నప్పుడల్లా నన్ను ఎక్కడికో పంపేస్తారేమోనని నేనూ చెవి ఒగ్గి విన్నదాన్నే. మీకు నా మీద అనుమానం, నాకు మీ మీద అనుమానం. పరుగు సంగతి చెబితే ఆ బూట్లకి కూడా తాళం పడేది. కాదని చెప్పు."

కోడలు నేల మీద కూలబడి ఏడ్చేసింది. మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి. "మా అమ్మప్పుడు నేను చూడలేదత్తయ్యా. అందుకే మిమ్మల్ని... ప్రతిదీ చూస్తూ..."

అత్తగారి కోపం వెన్నలా కరిగిపోయింది. కిందికి దిగి పక్కనే కూర్చుంది. "నీ భయం నాకర్థమైంది తల్లీ. కానీ మీ అమ్మ రోగాన్ని నా ఒంట్లో వెతక్కు. నాకేమైనా అనిపిస్తే మొదట నీకే చెబుతాను. నువ్వు కూడా ఏదైనా అనిపిస్తే నా మొహం మీదే అడుగు. సరేనా?"

మర్నాడు డాబా తాళం తీశారు. ఆదివారం కోడలు తానే అత్తగారిని మైదానానికి తీసుకెళ్ళింది. కొంత ప్రేమ, కొంత ఆ మీసాలాయన్ని దగ్గరనుంచి చూడాలన్న అనుమానం. డ్రిల్లు మాస్టారు ఆమెని ఎగాదిగా చూసి, "మాన్పించడానికి వచ్చారా?" అని అడిగాడు. ఆయన అనుమానం ఆయనది. మరో మూడు వారాలకి ఆయన విజిలు ఆమె చేతికిచ్చేంత దాకా వచ్చింది.

పరుగుల రోజులు రానే వచ్చాయి. బయల్దేరేముందు అత్తగారు తన ఫోన్లో ఏదో నొక్కి, తానెక్కడున్నదీ కోడలి ఫోన్లో నీలం చుక్కగా కనిపించేలా చేసింది. "ఇది నేనిస్తున్నాను. మీరు తీసుకున్నది కాదు, గుర్తుంచుకో," అంది.

ఐదు కిలోమీటర్లు నవ్వుతూ పూర్తిచేసింది. పది పూర్తయ్యేసరికి కాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఆదివారం తెల్లవారుజామునే థీమ్ పార్కు దీపాలన్నీ వెలిగించారు. అట్టకోటల మధ్య నుంచి దారి. టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి వేషగాడొకడు పరిగెత్తేవాళ్ళకి చేయి ఊపుతున్నాడు. గడువు మూడున్నర గంటలు. వెనకపడిన వాళ్ళని ఎక్కించుకోవడానికి పసుపు దీపం పెట్టుకున్న బండి ఒకటి చివర్న నెమ్మదిగా వస్తుంది. ఒకసారి అందులో ఎక్కితే పరుగు అయిపోయినట్టే.

భార్యాభర్తలు ముగింపు గీత దగ్గర కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. చుక్క బాగానే కదులుతోంది. పదహారో కిలోమీటరు దగ్గర అది దారి వదిలి పక్కకి జరిగింది. ఆగింది. తర్వాత ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఇదేమిటి?" అన్నాడు భర్త. "అమ్మ దారి తప్పిందా?"

కోడలు ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఆమె తల్లి ఒకసారి బస్టాండులో తప్పిపోయింది. దొరికేసరికి మూడు గంటలుగా ఒకే స్తంభం చుట్టూ తిరుగుతోంది. చుక్క మళ్ళీ ఒక చుట్టు తిరిగింది. పసుపు దీపం బండి వెనక ఎంత దూరంలో ఉందో!

కమ్మీకి కట్టిన బోర్డు మీద భద్రతా సిబ్బంది నంబరు ఉంది. ఆమె సగం అంకెలు నొక్కింది.

"చెయ్యి, తొందరగా చెయ్యి," అన్నాడు భర్త.

ఆమె బొటనవేలు గాల్లో ఆగిపోయింది. ఆవిడ దారి తప్పిందని ఎవరు చెప్పారు? చుక్క చెప్పలేదు. తన భయం చెప్పింది. ఏమైనా ఉంటే మొదట నీకే చెబుతానన్న మనిషి దగ్గర ఫోను ఉంది. ఆవిడ పిలవలేదు.

"ఆగండి," అంది. "కాసేపు చూద్దాం."

"ఏమైనా జరిగితే?"

"ఆవిడే చెబుతారు." ఫోను భర్త జేబులో పడేసి కమ్మీ గట్టిగా పట్టుకుంది.

రెండు నిమిషాలకి అతను ఫోను తీసి చూశాడు. చుక్క దారి మీదికి వచ్చింది.

మూడు గంటల ఇరవై ఆరో నిమిషంలో అత్తగారు మలుపు తిరిగింది. పరుగూ కాదు, నడకా కాదు, పట్టుదల. వెనక పసుపు దీపం కనిపిస్తోంది. గీత దాటగానే మెడలో పతకం వేశారు. ఆవిడ వచ్చి దారి అంచున కూలబడి, కోడలు అందించిన నీళ్ళు గటగటా తాగింది.

"పదహారో కిలోమీటరు దగ్గర ఏమైందత్తయ్యా?"

అత్తగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మాస్టారికి చెప్పకు, చంపేస్తాడు. అక్కడ రంగులరాట్నం తిప్పుతున్నారు, పరిగెత్తేవాళ్ళు ఎక్కొచ్చన్నారు. నీ మొగుడికి ఆరేళ్ళప్పుడు ఇలాంటి చోటికే వచ్చాం. మీ మామయ్యా, వీడూ అన్నీ ఎక్కారు. నేను సంచులు పట్టుకుని కింద నిలబడ్డాను. ఇవాళ చూస్తే నా చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎక్కేశాను. తెల్లగుర్రం."

కొడుకు పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. తర్వాత దాచుకోకుండా చెప్పేసింది.

"చుక్క గుండ్రంగా తిరుగుతుంటే నేను మిమ్మల్ని మళ్ళీ అనుమానించానత్తయ్యా."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

అత్తగారు చెమట చేతిని కోడలి తల మీద వేసింది. "నెల రోజుల నుంచి రెండు నిమిషాలకి దిగావా? పర్వాలేదే. నాతో పాటు నువ్వూ బాగానే తర్ఫీదు పొందావు."